సౌండు బల్బు

ఇంగ్లీషు ఆటకి ఆ ఆదివారం
బెంచీల మీద పదకొండు మందే.
నెల్లిమర్ల మిల్లు నుంచి దాలమ్మత్త,
జడలో ఇంకా గోగునార పీచు.

తెర మీద, రంగుల్లో, ఒక నల్లపిల్ల.
నేను టార్చి ఆర్పడం మర్చిపోయాను.
మనలాంటి గుంట
పాటెత్తుకుంటే
తెల్లోళ్ల ఊరు ఊరంతా తిరిగి చూసింది!

అత్త ముందుకి వంగింది.
"ఒరే, ఆ గొంతు దాంది కాదురా.
పాట ఊపిరి తీసుకున్నకాడ
దీని గుండె లెగనేదు."

అత్తకి తెలుస్తుంది.
విజయనగరం నాటకాల్లో పదేళ్లు
పక్క తెర వెనక రేకు పెట్టె మీద కూచుని
పౌడరు రాణులకి పద్యాలు పాడింది.
వన్స్‌మోర్లు వాళ్లవి.
ఆమెకి అర్ధరూపాయి, ఒక కిళ్లీ.

"నా మొకం ఒద్దని గొంతు అట్టుకుపోనారు.
దీని మొకం అట్టుకుని..."
మిగతాది అనలేదు.

మూడో రీల్లో సౌండు బల్బు పోయింది.
బొమ్మ ఆడుతూనే ఉంది.
ఆ పిల్ల నోరు తెరుస్తోంది, మూస్తోంది,
గట్టున పడ్డ చేపలా.
ఈలలు. ఆపరేటరు మీద బూతులు.

అప్పుడు వెనక బెంచీలోంచి
మాటల్లేని రాగం ఒకటి.
నేను టార్చి
అత్త మొహం మీదకి తిప్పాను.

ఆ పిల్ల గుండె లేచిన చోటే
అత్త ఊపిరి తీసుకుంది.