జేబులో ఒకే పేరు

మొగల్తూరు రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ పక్కన
నేను కూర్చునే మందుల కొట్టు.
సముద్రం వైపు గాలి చల్లబడితే చాలు
దగ్గు ముందు మెట్టెక్కుతుంది,
మనిషి వెనకాల వస్తాడు.

ఏసుపాదం రొయ్యల చెరువుకి కాపలా.
రాత్రంతా ఏరేటర్ల చప్పుడు వినడమే ఉద్యోగం.
చప్పుడు ఆగిందా,
జనరేటరు దాకా పరుగెత్తాలి,
లేదంటే తెల్లారేసరికి చెరువంతా తెల్లగా తేలుతుంది.

"ఇంకో దగ్గుమందియ్యమ్మా, గట్టిది.
నిన్న కుర్చీలోంచి తూలి గట్టు మీద పడ్డాను."

తూలి, అన్న మాట దగ్గర నా చెయ్యాగింది.
జేబులో ఉన్నవన్నీ తియ్యి బాబాయ్ అన్నాను.

చుట్ట ముక్క. మోటారు గది తాళం.
తర్వాత ఒక్కొక్కటే అద్దం మీదికి:
సగం చింపిన ఆకుపచ్చ రేకు,
చిల్లర లేదని కిరాణా కొట్టువాడు చేతిలో పెట్టిన జలుబు బిళ్ళలు,
ఒంటినొప్పులకని దీనమ్మ కాగితంలో చుట్టిచ్చిన తెల్లవి,
లుంగీ మడతలోంచి సీసా.
"దీని మూతేది?"
"గుటకేసేదానికి మూతెందుకమ్మా!"
"రోజుకెన్ని వేస్తున్నావ్?"
"లెక్కెవరు చూస్తారు, దగ్గొచ్చినప్పుడల్లా."

నుదుటి మీది కళ్ళజోడు దించుకుని
చీమ తలకాయంత అక్షరాలు చదివాను.
ఇంట్లో చంటి, బడిలో సత్తిరాజు,
రేషను కార్డులో ఇంకేదో. మనిషి ఒక్కడే కదా.
ఆకుపచ్చ రేకులో పారాసిటమాల్,
కిరాణా బిళ్ళలో అదే,
దీనమ్మ పొట్లంలో అచ్చంగా అదే,
చొక్కా మార్చుకుని మళ్ళీ మళ్ళీ వరసలో నిలబడ్డట్టు.
మనం మర్చిపోయినా
కాలేయం ప్రతిసారీ లెక్క రాసుకుంటుంది.
వెంటనే అరవదు. అదే భయం.

నిద్రా అంతే.
జలుబు బిళ్ళలో ఒక మత్తు, సీసాలో ఇంకొకటి,
నిన్న రెండూ కలిసి నీ కుర్చీలో కూర్చున్నాయి.
"వాటి మీద కల్లు కూడానా?"
అతను ఐసు ఫ్యాక్టరీ వైపు చూశాడు.

ఇంకా ఏదో చెబుతూ ఆకుపచ్చ రేకు తిరగేస్తే
ధర మీద నా బాల్‌పెన్ను టిక్కు.
సోమవారం నేనిచ్చిందే.
సీసా మంగళవారం, అదీ నేనే.
ఇంకేమైనా వాడుతున్నావా అని
రెండుసార్లూ అడగలేదు.
ఆ రెండు రోజులూ కొట్లో బేరం బాగుంది.

నాకు జలుబు లేదు గానీ గొంతు పట్టేసింది.

అన్నిటి పేర్లూ ఒక చీటీ మీద రాశాను.
"రేపు కాదు, ఇప్పుడే ఆసుపత్రికి.
ఎన్ని మింగావో నీకే తెలీదు,
ఒంట్లో బానే ఉందని ఆగకు,
ఈ చీటీ చూపించు, కల్లు సంగతీ దాచకు.
ఇక మీదట కొట్టు ఏదైనా సరే,
కొత్తది కొనే ముందు పాతది చూపించాలి."

"సరేనమ్మా. మరి వీటి డబ్బులో?"

చింపిన రేకు వాపసు లేదని గోడ మీద మా రాతే ఉంది.
నా సంచీలోంచి తీసిచ్చాను.

ఆ రాత్రి చెరువు దగ్గర కుర్చీలో
దీనమ్మ కూర్చుందట, ఒళ్ళో టార్చిలైటుతో.
కొట్టు కట్టేసే ముందు అద్దం తుడిచాను.
మూతలేని సీసా పెట్టిన చోట
గుండ్రటి మరక,
తడిగుడ్డకి పోలేదు,
వేలు పెడితే ఇంకా అంటుకుంటోంది.