పావు చుట్టు

ముక్తేశ్వరం రేవులో నావ దిగి
సైకిల్ క్యారేజీకి కొబ్బరితాడుతో కట్టి
ఇంజన్ని తెచ్చాడు చెల్లుబోయిన పోశియ్య.
పెట్రోలుతో లేచి కిరసనాయిలు మీద నడిచే పాతకాలపుది,
లంకలో దొండపాదులకి నీళ్లు తోడేది.
వరదకి ముందు అటకెక్కించాడట.
టాంకీ ఖాళీ చెయ్యడం మరిచాడట.
"తాడు లాగీ లాగీ భుజం జారిందండీ, ఆయ్.
తుమ్మదు, దగ్గదు."

ప్లగ్గు విప్పి చూశాను. ఎండిపోయి ఉంది.
నిప్పురవ్వ బాగానే ఎగిరింది,
దానికి మేతే అందడం లేదు.

కార్బురేటర్ అరచేతిలోకి వచ్చింది
నిద్రలో ఉన్న బోదురుకప్పలా.
కింది గిన్నె ఊడదీస్తే ఆ వాసన.
పెట్రోలుది కాదు, పెట్రోలు చచ్చాక వచ్చేది,
పుల్లగా, మూతలేని వార్నిషు డబ్బాలా.
అడుగున తేనెరంగు జిగురు.
చేతికి నూనె రాయకుండా పనసకాయ కోసినవాడి వేళ్లలా
ఫ్లోటు పిన్నుకి అతుక్కుపోయి
పైకీ రాదు, కిందికీ పోదు.

జెట్టు దగ్గర తొందర పనికిరాదు.
ఇత్తడి మెత్తన. స్క్రూడ్రైవరు జారిందా, గాడి పోయినట్టే.
ఓ రాత్రి నానబెట్టాలి.
సూదితో పొడవకూడదు,
కంత వెడల్పయితే ఇంజను తాగుబోతవుతుంది.
తెగిన కరెంటు వైరు ఒలిచి
ఒక్కటంటే ఒక్క రాగిపోగు తీసి
తడిపి, తిప్పుతూ, దూర్చీ దూర్చనట్టు...
ఇదంతా నాకెవరు నేర్పారో
చెప్పడం మానేసి చాన్నాళ్లయింది.

రోడ్డుకి ఆ పక్క షెడ్డు ఖాసిం మేస్త్రీది.
ఈ పక్కది నాది.
ఎనిమిదేళ్లు ఆయన స్పానర్లు కడిగి
ఓ పొద్దున్న ఎదురుగా బోర్డు కట్టాను.
ఆరేళ్లుగా ఒకే హోటల్లో టీ తాగుతున్నాం,
వేరే వేరే బల్లల మీద.
"ఆయనకి చూపానడం లేదంట గదండీ,
అందుకే ఇటొచ్చాను," అన్నాడు పోశియ్య
ఎటో చూస్తూ.

గిన్నె అంచుకి అతుక్కున్న గ్యాస్కెట్ చివరికి లేచింది.
షాపుది కాదు. పోస్టుకార్డు.
అంచు మీద అట్ట పరిచి, చిన్న సుత్తితో
టకటకా కొట్టి తీసిన కోత.
కత్తెరకి రాదంత గుండ్రం.
ఇంకుని పెట్రోలు తాగేసింది.
ఎండకి ఏటవాలుగా వంచితే పెన్ను నొక్కులు మాత్రం ఉన్నాయి:
ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీ
తరవాత కంత.

కాసేపు ఏ పనీ చెయ్యలేదు.

మర్నాడు జెట్టు కడిగి, ఊది, కంటికి ఆనించాను.
చీకటి.
మళ్లీ పోగు, మళ్లీ పెట్రోలు, మళ్లీ ఊదడం.
మూడోసారికి ఆవగింజలో పావు వంతు వెలుతురు.
అందులోంచి ఎదురు షెడ్డు కనపడిందని రాస్తే బాగుండును.
కనపడలేదు.
అంత కంతలోంచి వెలుతురే వస్తుంది,
ఎక్కడి వెలుతురో తెలీదు.

పాతదాన్ని అచ్చుగా పెట్టి కొత్త అట్ట కోశాను.
నాకూ సుత్తే అలవాటు.
అన్నీ బిగించి, గాలి స్క్రూ ఆఖరిదాకా తిప్పి
ఒకటిన్నర చుట్టు వెనక్కి వదిలాను.

నాలుగో లాగుకి తుమ్మింది.
ఏడో లాగుకి అందుకుంది.
తెల్లపొగకి హోటల్ వాడు తిట్టాడు.
కానీ నిలకడ లేదు.
పరిగెత్తుతుంది, ఆయాసపడుతుంది, మళ్లీ పరుగు.
పోశియ్య తువ్వాలు భుజం మార్చుకున్నాడు.
లంకకి చివరి నావ ఐదింటికి.

అప్పుడు రోడ్డవతల నించి,
లారీ దాటిపోయాక,
ఆరేళ్లలో మొదటి మాట:
"ఇంకో పావు విప్పరా!"

విప్పాను.
శబ్దం కుదురుకుంది,
మగ్గం మీద పోగు సరిపడ్డట్టు.

అటు తిరిగి తల ఊపాను.
ఆయనకి అది కనపడదని
కాస్త ఆగి గుర్తొచ్చింది.