రెండు వందల గ్రాములు

గురువారం నా బస్సు
క్రుషోవ్‌దోల్‌లో నలభై నిమిషాలు ఆగుతుంది.
పైన ఇక దారి లేదు, కొండే.
ఇంజను చల్లారేలోగా
పాతసామాన్ల కొట్లు మూడూ ఒక చుట్టు చుట్టి వస్తాను.
నేనేమీ కొననని వాళ్లకి తెలుసు,
అందుకే నాకు ధర నిజం చెబుతారు.

మొదటిది రుఫత్‌ది.
అన్నీ గంటలే, గొర్రెల మెడలోవి, మేకల మెడలోవి,
దారి చూపే పొట్టేలు మెడలో
గుమ్మడికాయంత గంట.
ఒక్కో మందకి ఒక్కో శ్రుతి ఉండేదట.
మందలు అమ్ముడుపోయాక శ్రుతులన్నీ కలగాపులగమై
ఒకే దూలానికి వేలాడుతున్నాయి.
తలుపు తోస్తే చాలు,
ఎవరిదో తెలియని మంద ఒకటి
నెత్తిమీదుగా కొండ దిగిపోతుంది.
రుఫత్ చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుతుంటాడు.

మెట్లెక్కితే స్తామెన్ కొట్టు.
చక్రం తిరగని కుట్టుమిషను,
పటాలం బెల్టులు, మూతలేని టీ కూజాలు,
ఎవరివో పెళ్లిఫొటోలు అట్టపెట్టె నిండా.
రసీదుల కట్ట ఎగిరిపోకుండా
దాని మీద ఒక ఇత్తడి గుండు:
రెండు వందల గ్రాములది.

వీధికి అవతల జివ్కా కొట్టు.
కిటికీలో నీలిరంగు తక్కెడ,
పక్కన గుండ్ల చెక్కపెట్టె.
గుంటలు ఏడు, గుండ్లు ఆరు.
ఏడో గుంటలో ఏటిరాయి.

ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్లే.
తండ్రి కిరాణా పంచుకున్న రోజు
తక్కెడ చెల్లెలి వాటాకి వచ్చింది.
ఆ పూట కోపంలో
అన్న చేతికి దొరికి జేబులో పడింది ఆ ఒక్క గుండు.
పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు.
"ఎదుటి కొట్లో బేరాలున్నాయా?" అని ఇతను,
"ఆ దగ్గు తగ్గిందా?" అని ఆమె,
ఇద్దరూ నన్నే అడుగుతారు,
వీధి వెడల్పు పద్దెనిమిది అడుగులు.

మొన్న గురువారం స్తామెన్
రసీదులు సొరుగులో పెట్టి
గుండు నా వైపు తోశాడు.
"మూడు లెవలు. నీకు రెండు."
ఎందుకని నేను అడగలేదు.
డబ్బులిచ్చాను.
ఆ కొట్లో నా మొదటి బేరం.

జివ్కా అక్రోటుకాయలు తూస్తోంది.
ముసలి పెన్కా సంచీ తెరిచి పట్టుకుని ఉంది.
గుండు బల్ల మీద పెట్టాను.
జివ్కా దాన్ని కొంగుతో తుడవలేదు, ముద్దాడలేదు.
ఒక తట్టలో గుండు వేసింది,
రెండో తట్టలో రాయి వేసింది.
ముల్లు కాసేపు ఎటూ తేల్చుకోలేక ఊగి
రాయి వైపు ఒరిగింది.

"అంటే ఇన్నేళ్లూ ఊరందరికీ
రెండు కాయలు ఎక్కువే ఇచ్చానా!"
"అయితే రాయిని కదపకు," అంది పెన్కా,
సంచీ మూతి ఇంకాస్త తెరిచి.

జివ్కా నవ్వు ఆపుకుని, రాయితోనే
రెండు వందల గ్రాములు తూచి
పొట్లం కట్టి, పైన గుండు పెట్టి
నా చేతికిచ్చింది.
"అక్కడ కాగితాలు ఎగిరిపోతుంటాయి. ఇచ్చెయ్."

మళ్లీ పద్దెనిమిది అడుగులు.
స్తామెన్ గుండు చూశాడు,
పొట్లం అరచేతిలో పెట్టుకుని
రెండుసార్లు పైకీ కిందికీ ఆడించాడు.
కిరాణాకొట్టువాడి కొడుకు చెయ్యి అది, మరిచిపోదు.
"ఎక్కువుంది," అన్నాడు.
ఇంకేమీ అనలేదు.
నా రెండు లెవలు వెనక్కి ఇవ్వనూ లేదు.

బస్సు పదకొండు నిమిషాలు ఆలస్యం.
ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో
ఏం రాయాలో తోచక
గొర్రెలు అడ్డం వచ్చాయని రాశాను.
ఈ కొండ మీద గొర్రెలు లేవని
డిపోలో ఎవరికీ తెలియదు.