నూట ఇరవై కాపీలు

గిండీ స్టేషను మెట్లు దిగగానే
ఎడంచేతి వైపు మూడో షట్టరు నాది.
పద్దెనిమిదేళ్ళుగా ఒకటే పని,
ఉన్నదాన్ని ఉన్నట్టు దింపడం.

నిన్న కాలేజీ నుంచి ఒక ఫారం వచ్చింది,
నూట ఇరవై కాపీలు.
"మీ చదువులో సృజనాత్మక ఆలోచనకు చోటుందా?
ఒకటి నుంచి ఐదు దాకా, ఒక అంకెకి సున్నా చుట్టండి."
అభిప్రాయానికి కింద రెండు గీతలు.
రెండే.

సాయంత్రం కొందరు నా కౌంటరు మీదే నింపారు,
ఒక్క పెన్నే చేతులు మారుతూ.
ఇళవేనిల్ మూడు చుట్టింది.
"మూడైతే ఎవరూ ఏమీ అడగరన్నా."
సివిల్ జోయెల్‌ది ఐదు.
వంతెన గీయమంటే, వానకి మునిగే తమ వీధిని
వంతెన కిందే పెట్టి గీశాడట, మార్కులు పోయాయట,
అయినా ఐదేనట.
"చోటు వాళ్ళిచ్చారని ఎవరన్నారు?"

సూళ్ళూరుపేట పిల్ల తపస్విని
అందరూ వెళ్ళేదాకా ఆగి, తెలుగులో రాసింది:
"నోట్సులో మాట మారితే రెండు మార్కులు కోత.
నా బుర్ర పనిచేసేది రాత్రి పదకొండు తర్వాత,
హాస్టల్లో, పాడైన దోమల బ్యాటు విప్పినప్పుడు."
రాసి, కొట్టేసి,
పైన ఇంగ్లీషులో 'గుడ్' అని పెట్టింది.

నేను కొట్టేసిందే చదివాను.

ఈ పిల్లల నోట్సులు నాకు తెలియనివా?
పరీక్షల ముందు ఒకరి నోట్సు ఎనభైమందికి దింపుతాను.
మార్జిన్లో సమీకరణానికి మీసం,
లెక్చరరు దగ్గు ఎన్నిసార్లో లెక్క,
కాళ్ళున్న చేప ఒకటి, చెప్పులు కూడా వేసుకుని.
"మార్జిన్ పడకుండా కొట్టన్నా" అంటారు.
అందుకే అద్దం పక్కన ఒక తెల్ల అట్టపట్టీ ఉంటుంది,
అంచులు నల్లబడి, నా వేలిముద్రలతో.
ఎన్ని చేపల్ని మింగిందో అది.

ఇవాళ తపస్విని నోట్సు వచ్చింది.
పట్టీ పెట్టడం మరిచిపోయాను.
సరే, మరిచిపోలేదు.

మొదటి సెట్టు తీసుకున్న కుర్రాడు
ఆరో పేజీ దగ్గర ఆగాడు.
"అన్నా, ఈ చేపకి చెప్పులెందుకు?"
"నన్నడిగితే? గీసినమ్మాయిని అడుగు.
అరవై రూపాయలు."

వంద ఇచ్చాడు.
చిల్లర చెయ్యి చాపి నిలబడ్డాను.
వెనక క్యూ గొణుగుతోంది.
అతను ఇంకా ఆరో పేజీలోనే ఉన్నాడు.