రెండు టిక్కీలు

తుంటికి రాడ్ వేసిన మూడో రోజు.
"నన్నేం లేపుతావు పిల్లా,
ఎనభై కిలోలు, రెండు టిక్కీల లెక్క" అన్నాడు నాసరయ్య
మిర్చియార్డులో బస్తాలకు అరిగిన మెడ నిమురుకుంటూ.

లేపను.
మంచం చక్రాలకు బ్రేకు వేశాను.
అతని నడుముకి బెల్టు బిగించి
మోకాళ్లు వంచి, వీపు నిటారుగా నిలిపి
"మూడనగానే మీరే లేవాలి" అన్నాను.

నా కాళ్ల వంకే చూస్తున్నాడు.
"నడుముతో వంగకూడదని నీకెవరు చెప్పారు?
మా మేస్త్రి నాకిది తన్ని నేర్పాడు."

ఒకటి. రెండు.
మూడు అతనే అన్నాడు.

గుంటూరు పెద్దాసుపత్రి గచ్చు మీద
వాకరు కాళ్లు నాలుగు, మావి నాలుగు,
కిటికీ దాకా పదకొండు అడుగులు.

తిరిగొచ్చి
"ఇన్నేళ్లూ దించడమే తేలికనుకున్నా" అన్నాడు, రొప్పుతూ.
కుర్చీ అంచు పిక్కలకు తగిలేదాకా
కూర్చోనివ్వలేదు నేను.