ఎనిమిది కిలోలు

తెల్లారకుండానే బయల్దేరాం,
ఎండ ముదిరితే పిల్లలు తట్టుకోలేరని.
మందస నుంచి నరసన్నపేట. తోటికోడలికి సీమంతం.
బండి నాది. నడిపేదీ నేనే.
లైసెన్సు వచ్చి పదకొండు నెలలు,
పిల్లాడు పుట్టి ఎనిమిది.
పరీక్షనాడు వాడికి వేరే సీటు అక్కర్లేకపోయింది.

ఇప్పటి సీటు విశాఖలో ఎవరిదో, వాడి అమ్మేశారు.
ఇది ఎప్పుడైనా గుద్దుకున్న బండిలో ఉందా
అని మూడుసార్లు అడిగాను.
నాలుగోసారికి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

అత్తకి ఆ కుర్చీ పడదు.
"ఒళ్ళుండగా కుర్చీ ఏటే?
గుంటడ్ని ఎనక్కి తిప్పి కట్టీసినావు,
దొంగని జీబులో తోలుకెల్నట్టు."

దాలమ్మ ఒడిలో నలుగురు పెరిగారు.
పలాస బట్టీలో జీడిపప్పు ఒలుస్తూ
ఒకడికి అక్కడే పాలిచ్చిందట, వాడే నా మొగుడు.
ఆ ఒడిని కాదనడానికి నా దగ్గర మాటల్లేవు.
ఒక్క బకిల్ ఉంది.
అది టిక్కుమనేదాకా బండి కదలదు.
పట్టీకీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ళు పోనిచ్చి చూస్తాను,
మూడోది దూరితే మళ్ళీ బిగిస్తాను.

జోషితకి ఐదేళ్ళు. కింద ఎత్తుపీట వేస్తే
బెల్టు మెడ వదిలి భుజం మీదికి దిగింది.
అత్త కొంగుముడి విప్పి దాని చేతిలో పప్పు పెట్టబోయింది.
బండి నడుస్తున్నప్పుడు వద్దత్తా,
గొంతుకి అడ్డం పడితే నేను స్టీరింగ్ వదల్లేను.
పలాసకింత దగ్గర్లో కాపురం చేస్తూ
జీడిపప్పు వద్దన్న మొదటి కోడల్ని నేనే అయ్యుంటాను.

"సర్లే, దీన్నయినా ఒళ్ళో ఎట్టుకోనిత్తావా?"
డిక్కీలో పెట్టాల్సిన పనసపండుని
రెండు చేతులా పొదువుకుని
పిల్లలిద్దరి మధ్యా కూర్చుంది.
నేనేం అనలేదు.
అప్పటికే రెండు వద్దులు అయిపోయాయి.

హరిపురం ఇంకా రాలేదు.
మలుపు తిరగ్గానే లైట్ల వెలుగులో నల్లగా ఏదో.
గడ్డివామనుకున్నాను.
గడ్డివాము నడిచింది.

బ్రేకు మీద నా బరువంతా వేశాను.
నా మోచేతిని గీరుకుంటూ వచ్చి
గేరు రాడ్డు మీద పగిలింది పనసపండు.

ఎలుగు మమ్మల్ని పట్టించుకోలేదు.
దాని వీపు మీద రెండు పిల్లలు,
బొచ్చుని పిడికిళ్ళతో పట్టుకుని, ముఖాలు అందులోనే దాచుకుని.
జీడితోట గట్టెక్కేముందు ఆగి
ఒక్కసారి ఒళ్ళు కదిపి చూసుకుంది.
రెండూ ఉన్నాయి. వెళ్ళిపోయింది.

"అద్దాలు దించకండి" అన్నాను.
బండంతా పనసవాసన.
"వాళ్ళకి టిక్ ఎక్కడుందమ్మా?" అంది జోషిత.
పిల్లాడు ఏడవలేదు.
కుర్చీ ఒకసారి ఊగి సర్దుకుంది, అంతే.
నోట్లో వేలు కూడా తియ్యలేదు.

అత్త చేతులు చూసుకుంటోంది.
జీడినూనెకి నల్లబడిన వేళ్ళు.
ఇంకా గుండ్రంగానే ఉన్నాయి చేతులు,
మధ్యలో ఏమీ లేకుండా.

"గట్టిగానే పట్టుకున్నానే."
"తెలుసత్తా."
"ఎంతుంటాదే ఆ పండు?"
"ఎనిమిది కిలోలు. రాత్రి తూచాం కదా."

పిల్లాడి బరువు ఆవిడకి తెలుసు.
సోమవారం అంగన్‌వాడీలో దగ్గరుండి తూయించింది.

బండి కదిలింది. మాకు ముందున్న రోడ్డు.
వెనక్కి తిరిగి కూర్చున్నవాడు మాత్రం,
మేం చూడ్డం అయిపోయినదాన్ని
ఇంకా చూస్తున్నాడు.

పలాస దగ్గర టీకి ఆగాం.
వాడి నడుం కాస్త చాచుకోవాలి కదా,
కుర్చీలోంచి తీసి అత్తకిచ్చాను.
అరగంట ఆ ఒడి మళ్ళీ వాడిది.
గేరు సందుల్లోంచి పనసతొనలు ఏరి జోషిత చేతిలో పెట్టాను,
గింజ తీసి, బండి ఆపి ఉంది కనక.

తిరిగి ఎక్కేటప్పుడు
నేను చెయ్యి చాపేలోపే ఆవిడే వాణ్ణి దించి,
టిక్ వినపడేదాకా నొక్కి,
పట్టీ కిందికి వేళ్ళు పోనివ్వబోయి ఆగింది.
"నా ఏళ్ళు లావు కదే," అంది,
"ఒకటి సాలదా?"