చిటికెన వేలు

మహాచాయ్‌లో రోడ్లన్నీ రొయ్యల వాసనవైపే పోతాయి.
రిజిస్ట్రేషన్ ఆఫీసుకు మాత్రం
సెంటు కొట్టుకుని వస్తారు జనం,
ఇస్త్రీ చొక్కాలు, తడి దువ్వెన పాపిళ్ళు,
చంకలో ప్లాస్టిక్ సంచి,
సంచిలో బతుకు నకళ్ళు మూడేసి.

నేను దుబాసీని.
అటు థాయ్, ఇటు బర్మీస్,
మధ్యలో నా నాలుక, రోజుకు నాలుగువందల బాత్‌లు.

ఇరవై ఆరో మనిషి డా ఓన్ ష్వే.
కొబ్బరి, బంగారం రెండూ ఆమె పేరులోనే ఉన్నాయి.
సంచిలో ఉన్నవి వేరే:
రక్తపరీక్ష కాగితం, ఊపిరితిత్తుల ఎక్స్‌రే,
బోదకాలు మాత్ర మింగినట్టు ముద్ర,
యజమాని సంతకం పెట్టిన జాబితా.
ఆ జాబితాకు పేరు ఎక్కేలోగా
మూడు నెలల జీతం బ్రోకరు జేబులోకి దిగింది.
ఆ సంగతి నేను అనువదించను. ఎవరూ అడగరు.

'ఇంటిపేరు?'
మా వాళ్ళకు ఇంటిపేర్లుండవు.
గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు కదలదు.
ఒక అడ్డగీత పెట్టించాను.
ఇప్పుడు ఆమె ఇంటిపేరు అడ్డగీత.

'పుట్టిన తేదీ?'
బుధవారం అంది. మధ్యాహ్నం దాటాక.
వానలు ముంచిన ఏడు, ఎద్దు చచ్చిన ఏడు.
జనవరి ఒకటి అని చెప్పాను.
మా షెడ్డుల్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు,
ఆ రోజు ఎవరూ కేకు కొయ్యరు.

తర్వాత వేళ్ళు.
అద్దం మీద కుడి బొటనవేలు. ఎర్ర దీపం.
తుడిచి, ఊది, నొక్కి, మళ్ళీ. ఎర్ర దీపం.
తెర మీద వట్టి బూడిదరంగు మచ్చ,
గీతలు లేవు, సుడులు లేవు,
అల వెనక్కిపోయిన ఒడ్డు.

పదకొండేళ్ళు.
తెల్లారగట్ల రెండింటికి మంచునీళ్ళలో చేతులు పెట్టి
తల విరిచి, పొట్టు లాగి, నరం తీసి,
కిలోకు ఇంత అని.
ఎన్ని టన్నులు ఒలిచిందో లెక్క లేదు గానీ
రొయ్యలూ ఊరుకోలేదు,
తిరిగి ఆమెను ఒలిచాయి.

ఆఫీసరు చెడ్డవాడు కాదు, మా తమ్ముడి ఈడు.
'రెండు వారాలు పని మాని రమ్మను,
చర్మం మళ్ళీ వస్తుంది' అన్నాడు.
ఆ మాట మోసుకుని ఇటు తిరిగాను,
నోట్లో ఉండగానే బరువెక్కింది.
పని చేసుకునే అనుమతికి
పని చేసిన చేతులు పనికిరావు.
ఏ భాషలో చెప్పినా అంతే.

'ఆ రెండు వారాలూ తిండి ఆయనే పెడతాడేమో అడుగు' అంది.
అడగలేదు.
'సరే అంటోంది' అన్నాను.
దుబాసీ అబద్ధాలు చిటికెడు ఉప్పంత.

షెడ్డులో తలా ఒక వైద్యం చెప్పారట,
గంజిలో నానబెట్టమని,
కొబ్బరినూనె రాసి మేజోళ్ళు తొడిగి పడుకోమని.
తొమ్మిది రోజులు ఆగింది.
పదో రోజు బియ్యం డబ్బా అడుగు మోగింది.

మళ్ళీ వచ్చింది.
తొమ్మిది వేళ్ళకు తొమ్మిది ఎర్ర దీపాలు.
మిగిలింది ఎడమ చిటికెన వేలు,
రొయ్యను పట్టేటప్పుడల్లా పైకి లేచి
పెద్దింటి పిల్లలా
ఏదీ ముట్టకుండా దూరంగా నిలబడే వేలు.
ఆకుపచ్చ.

ఆఫీసరు ఎవరికో ఫోను చేశాడు,
ఏదో రాశాడు, ముద్ర కొట్టాడు.
గులాబీరంగు కార్డు వెచ్చగా బయటికొచ్చింది.

'ఏం రాశారు?'
పేరు, అడ్డగీత, ఫ్యాక్టరీ, గడువు తేదీ.
'ఇక్కడ ఉండొచ్చని రాశారా?'
ఆ ఫ్యాక్టరీలో చేసినంత కాలం.
'ఆదివారం సంతలో కొబ్బరి ఉండలు అమ్ముకోవచ్చని?'
లేదు.
'ఊఁ' అని కార్డును బొటనవేలితో నిదానంగా నిమిరింది,
వెన్నులో నరం మిగిలిందేమో చూసినట్టు.

షిఫ్టు నాలుగింటికి.
వ్యాను వెనక కమ్మీ పట్టుకుని వెళ్ళిపోతూ
ఆ చిటికెన వేలొక్కటే ఎత్తి ఊపింది.

తర్వాతి మనిషిని పిలిచారు.
నేనూ రెండేళ్ళు ఒలిచినదాన్నే.
నా కార్డు మార్చి దాకా.
బల్ల కింద బొటనవేలిని చూపుడువేలితో రుద్ది చూసుకున్నాను.
గీతలు తగిలాయి.
మళ్ళీ రుద్దాను.